మ్యూజియం పద్దు: హైదరాబాద్‌లో రిజిస్టర్ నుంచి కంప్యూటర్ దాకా

మ్యూజియంలో చేరిన ప్రతి వస్తువుకూ ఒక నంబరు పడుతుంది. మొదట పుస్తకంలో, తరవాత వస్తువు ఒంటి మీద. అది ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు, ఎంతకు కొన్నారు, దేనితో చేశారు, కొలతలెంత, తూకమెంత, వచ్చిన నాటికి ఏ స్థితిలో ఉంది అన్న వివరాలు ఆ నంబరు ఎదుట రాస్తారు. ఈ పుస్తకాన్ని ఉద్యోగులు అక్సెషన్ రిజిస్టర్ అంటారు. మ్యూజియం ఆస్తి మొత్తానికి అదే దస్తావేజు. తవ్వకంలో ఫలానా దిబ్బలో ఫలానా పొరలో దొరికిన పూసకూ, సంతలో కొన్న పూసకూ కంటికి తేడా ఉండకపోవచ్చు. ఆ తేడా చెప్పగలిగింది పద్దు ఒక్కటే. పద్దు పోతే పూస మిగులుతుంది కానీ అది చెప్పాల్సిన చరిత్ర మిగలదు.

హైదరాబాద్‌లో ఈ పద్దుల చరిత్ర వందేళ్లు దాటింది. నిజాం రాజ్యంలో పురావస్తు శాఖ 1914లో ఏర్పడింది. గులాం యజ్దానీ దాని తొలి డైరెక్టరు. 1943 దాకా ఆయనే ఆ శాఖను నడిపారు. శాఖ ఏటా ఒక నివేదిక అచ్చు వేసేది. ఆ ఏడు ఏ కట్టడాలకు మరమ్మతు చేశారో చెప్పడంతో సరిపెట్టకుండా, తీసిన ఫోటోలు, గీయించిన చిత్రాలు, సంపాదించిన నాణేల జాబితాలను అనుబంధాలుగా ఇచ్చేది. 1930లో పబ్లిక్ గార్డెన్స్‌లో హైదరాబాద్ మ్యూజియం తెరిచారు. ఇప్పుడది తెలంగాణ రాష్ట్ర పురావస్తు మ్యూజియం. అక్కడి రిజిస్టర్లు పాడైనా, తప్పిపోయినా సరిచూసుకోవడానికి ఆ అచ్చు జాబితాలు రెండో సాక్ష్యంగా నిలుస్తాయి. ఒక శాఖ తన పద్దులను తానే అచ్చు వేసి నలుగురి చేతుల్లో పెట్టడం ఎంత మేలైన అలవాటో నేటి డిజిటల్ రోజుల్లో మరింత బాగా తెలుస్తుంది.

ఆ మ్యూజియానికి వస్తువులు నాలుగు దారుల్లో వచ్చాయి: తవ్వకాలు, కొనుగోళ్లు, కానుకలు, భూమిలో దొరికిన నిధులు. వీటిలో నాణేల సంగతి ప్రత్యేకం. పొలం దున్నేటప్పుడు బయటపడిన కుండలో వందలో వేలో నాణేలుండవచ్చు. 1940ల తొలినాళ్లలో యజ్దానీ కాలంలోనే తవ్విన కొండాపూర్‌లోనూ, తరవాత తవ్విన పెద్దబంకూరులోనూ శాతవాహన నాణేలు పెద్ద సంఖ్యలో దొరికాయి. ఇలాంటి రాశికి పద్దు రాయడం రెండు విధాలు. కుండ మొత్తానికి ఒక నంబరు ఇచ్చి ‘ఇన్ని నాణేలు, మొత్తం తూకం ఇంత’ అని రాసుకోవచ్చు. లేదా ఒక్కో నాణేన్నీ తూచి, రెండు వైపులా చదివి, విడి నంబరు ఇవ్వవచ్చు. మొదటిది ఒక పూటలో తేలిపోతుంది. రెండోదానికి ఏళ్లు కావాలి. అయితే రాశి పద్దులోంచి ఒక నాణెం మాయమై, దాని చోట అంతే తూకం గల మరొకటి చేరితే ఎవరూ పట్టుకోలేరు. కంప్యూటరీకరణ మొదలయ్యాక ఈ రాశి పద్దులే అన్నిటికన్నా కష్టంగా మారాయి, ఎందుకంటే రిజిస్టర్లో ఒక్క వరుసగా ఉన్నది తెర మీద వేల రికార్డులు కావాలి.

పద్దు సరిగా లేకపోతే ఎంత నష్టమో తెలుగు దేశానికి అమరావతి స్తూపం నేర్పింది. కల్నల్ కాలిన్ మెకంజీ 18వ శతాబ్దం చివర ఆ దిబ్బను తొలిసారి చూసేనాటికే, కొత్త ఊరి కట్టడాలకు జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు అక్కడి రాళ్లు తవ్వి తీస్తున్నారు. 1816లో మెకంజీ మళ్లీ వచ్చి, చిత్రకారులను పెట్టి, ఒక్కో ఫలకాన్నీ కొలిచి గీయించాడు. కావలి సోదరుల వంటి తెలుగు పండితుల సాయంతో ఊరూరా స్థానిక చరిత్రలైన కైఫీయతులు సేకరించిన మనిషి ఆయన. రాళ్ల విషయంలోనూ అదే శ్రద్ధ చూపాడు. ఆ బొమ్మల్లోని కొన్ని ఫలకాలు తరవాత కనబడకుండా పోయాయి. వాటికి మిగిలిన ఆనవాలు ఆ కాగితమే.

1845లో వాల్టర్ ఇలియట్ మరికొన్ని రాళ్లు తవ్వించి మద్రాసు పంపాడు. అవి ఏళ్ల తరబడి ఆరుబయట పడి ఉన్నాయి. 1850ల్లో విలియం టేలర్ వాటికి జాబితా రాశాడు, 1858లో లినియస్ ట్రైప్ ఫోటోలు తీశాడు. ఆ మరుసటి ఏడు ఎక్కువ భాగాన్ని ఓడలో లండన్ తరలించారు. అక్కడ వాటిని మరిచిపోయారు. 1867లో జేమ్స్ ఫెర్గూసన్ కంటపడ్డాకే మళ్లీ వెలుగులోకి వచ్చాయి. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. ఈ రోజు వాటి నంబర్లు 1880,0709 అన్న అంకెలతో మొదలవుతాయి. అంటే మ్యూజియం పుస్తకంలో 1880 జులై 9 కింద నమోదైనవని అర్థం. రాయి చెక్కింది సుమారు రెండు వేల ఏళ్ల కిందట, భూమిలోంచి తీసింది 1845లో, పద్దు పడింది 1880లో. మధ్యలో గడిచిన 35 ఏళ్లలో ఒక్కో రాయీ స్తూపంలో ఏ దిక్కున, ఏ వరుసలో ఉండేదో చెప్పే ఆధారాలు చాలా మటుకు చెదిరిపోయాయి.

మద్రాసు మ్యూజియంలో మిగిలిన అమరావతి శిల్పాలను సి. శివరామమూర్తి 1942లో వర్ణనాత్మకంగా గ్రంథస్థం చేశారు. లండన్ వాటికి డగ్లస్ బారెట్ 1954లో, రాబర్ట్ నాక్స్ 1992లో సూచికలు అచ్చు వేశారు. దాంతో ఒకే ఫలకానికి మెకంజీ బొమ్మలో ఒక గుర్తు, టేలర్ జాబితాలో ఒక అంకె, మ్యూజియం నంబరు ఒకటి, తరవాతి సూచికల్లో ఇంకొకటి ఉండవచ్చు. వీటిలో ఏదీ చెరపకూడదు. పాత నంబరు కొట్టేస్తే పాత పుస్తకానికీ వస్తువుకూ మధ్య దారి తెగిపోతుంది. అందుకే నేటి డేటాబేసుల్లో ‘పాత నంబర్లు’ అన్న గడిని విడిగా పెడతారు. అమరావతి రాళ్ల మీద పని చేసేవారికి ఆ గడే దిక్కు.

హైదరాబాద్‌కు తిరిగి వస్తే, సాలార్‌జంగ్ మ్యూజియం మరో రకం సమస్యతో పుట్టింది. మూడో సాలార్‌జంగ్ నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949 మార్చి 2న కన్నుమూశారు. పెళ్లి చేసుకోలేదు, నేరుగా వారసులు లేరు. ఆయన నివాసం దివాన్ దేవిడీ నిండా మూడు తరాలు కూడబెట్టిన సామగ్రి మిగిలింది. ఎస్టేటు చూసేందుకు ప్రభుత్వం కమిటీ వేసింది, కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్ వస్తువుల అమరికకు సాయపడ్డారు, 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించారు. ఒక సంపన్నుడి ఇల్లు మూడేళ్లలోపే మ్యూజియంగా మారింది. ఇంటి యజమానికి ఏది ఎక్కడ కొన్నాడో గుర్తుంటుంది, రాసి పెట్టుకోవాల్సిన అవసరం తక్కువ. మ్యూజియానికి ఆ వెసులుబాటు లేదు. మూడో సాలార్‌జంగ్ తాత, అంటే మొదటి సాలార్‌జంగ్, 1876లో రోములో కొన్న బెంజోనీ శిల్పం ‘మేలిముసుగు రెబెకా’ వంటివాటికి జాడ స్పష్టంగా ఉంది. అంత పేరు లేని పింగాణీ పళ్లేనికో చేతికర్రకో ఎప్పుడు, ఎక్కడ, ఎవరి దగ్గర కొన్నారన్న వివరం వెతికి పట్టుకోవాల్సిందే.

1961లో పార్లమెంటు సాలార్‌జంగ్ మ్యూజియం చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. రాష్ట్ర గవర్నరు అధ్యక్షుడిగా ధర్మకర్తల మండలి ఏర్పడింది. 1968లో మ్యూజియం దివాన్ దేవిడీ నుంచి మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది. వేల వస్తువులు ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్లడం ఏ మ్యూజియానికైనా పెద్ద పరీక్ష. వస్తువు కదిలిన ప్రతిసారీ పద్దులో చోటు మారాలి. గది, అల్మారా, అర అన్నీ కొత్తగా రాయాలి. మ్యూజియం చెప్పే లెక్క ప్రకారం అక్కడ 46 వేలకు పైగా కళావస్తువులు, 8 వేలకు పైగా చేతిరాత ప్రతులు, 60 వేలకు పైగా అచ్చు పుస్తకాలు ఉన్నాయి. చేతిరాత ప్రతుల పని ముందే ఊపందుకుంది. ఉర్దూ ప్రతులకు నసీరుద్దీన్ హాష్మీ, పారశీక ప్రతులకు మహమ్మద్ అష్రఫ్ తయారుచేసిన సూచికలు అచ్చయ్యాయి. మిగతా గ్యాలరీల కన్నా గ్రంథాలయం విభాగం ముందుండటానికి కారణం ఊహించవచ్చు. పుస్తకాలకు సూచిక రాసే సంప్రదాయం అరబ్బీ, పారశీక పండితులకు శతాబ్దాల నాటిది.

స్వాతంత్ర్యం తరవాత భారతీయ మ్యూజియాలు సాధారణంగా మూడంచెల పద్ధతిలో నడిచాయి. వచ్చిన వరుసలో అన్నీ ఎక్కే సాధారణ రిజిస్టర్ ఒకటి. రాయి, లోహం, చిత్రం, వస్త్రం అని రకాల వారీగా రాసే రిజిస్టర్ మరొకటి. వస్తువుకొక కార్డు చొప్పున డ్రాయర్లలో పెట్టే సూచిక మూడోది. కార్డు మీద చిన్న ఫోటో అంటించేవారు. రిజిస్టర్లో తప్పు దొర్లితే రబ్బరుతో చెరపడం నిషిద్ధం. పాత మాట చదవగలిగేలా ఒక్క గీత గీసి, పక్కన సరైన మాట రాసి, అధికారి పొట్టి సంతకం, తేదీ వేయాలి. ఎవరు ఎప్పుడు ఏమి మార్చారో తెలియాలన్న ఈ సూత్రం చిన్నదిగా కనిపిస్తుంది కానీ, మొత్తం వ్యవస్థకు వెన్నెముక అదే. వస్తువు మీద నంబరు వేయడానికీ పద్ధతి ఉంది. రాయి, లోహం, పింగాణీల మీద ముందు పారదర్శకమైన జిగురు పూత వేసి, ఆరాక దాని మీద సిరాతో నంబరు రాసి, పైన మళ్లీ పూత వేస్తారు. అవసరమైతే వస్తువుకు హాని లేకుండా తుడిచేయవచ్చు. కాగితం మీద మెత్తటి పెన్సిలు వాడతారు, బట్టకు నంబరు రాసిన గుడ్డపీలిక కుడతారు.

1972లో పురావస్తువులు, కళానిధుల చట్టం వచ్చి 1976 ఏప్రిల్ 5 నుంచి అమలైంది. ప్రైవేటు వ్యక్తుల దగ్గరున్న కొన్ని రకాల పురావస్తువులను ఫోటోలతో సహా నమోదు చేయించాలన్న నిబంధన దీనితోనే వచ్చింది. 2007లో కేంద్రం కట్టడాలు, పురావస్తువుల జాతీయ మిషన్‌ను ప్రారంభించింది. దేశమంతటి వస్తువులకు ఒకే నమూనా పత్రం, ఒకే జాబితా దాని లక్ష్యం. ఆరేళ్లకు, 2013లో, కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక మ్యూజియాల్లో భౌతిక తనిఖీలు సక్రమంగా జరగడం లేదని, రికార్డుల్లో లోపాలున్నాయని తప్పుపట్టింది.

కంప్యూటర్ ఈ రంగంలోకి ముందుగా అడుగుపెట్టింది అమెరికాలో. 1967లో అక్కడి మ్యూజియాలు కొన్ని కలిసి మ్యూజియం కంప్యూటర్ నెట్‌వర్క్‌ను నెలకొల్పాయి. బ్రిటన్‌లో 1977లో మ్యూజియం డాక్యుమెంటేషన్ అసోసియేషన్ ఏర్పడింది. అదే 1994లో ‘స్పెక్ట్రమ్’ అనే ప్రమాణాన్ని వెలువరించింది. వస్తువు లోపలికి రావడం, పద్దు పడటం, చోటు మారడం, అరువుకు వెళ్లడం, తనిఖీ, పోగొట్టుకోవడం, తొలగించడం వంటి పనుల్లో దేనికి ఏమి రాయాలో అది అడుగు అడుగునా చెబుతుంది. దొంగతనమైన వస్తువును గుర్తించడానికి కనీసం ఏ వివరాలుండాలో చెప్పే ‘ఆబ్జెక్ట్ ఐడి’ ప్రమాణం 1997లో వచ్చింది. అది కోరే విషయాలు సామాన్యమైనవే: ఫోటో, కొలతలు, పదార్థం, రాతలు, ప్రత్యేకమైన పగుళ్లు, మచ్చలు. ప్రమాణం ఎంత సాదాగా ఉంటే అంత మంది పాటిస్తారన్న ఎరుక అందులో ఉంది.

భారతదేశంలో ఈ పని కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సి-డాక్ పుణె శాఖ చేపట్టింది. అక్కడ తయారైన ‘జతన్’ అనే సాఫ్ట్‌వేర్‌ను కేంద్ర సాంస్కృతిక శాఖ తన మ్యూజియాల్లో ప్రవేశపెట్టింది. 2014లో ‘మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా’ జాతీయ పోర్టల్ మొదలైంది. తొలి విడతలో ఎంపికైన పది మ్యూజియాల్లో తెలుగు ప్రాంతానివి రెండు: హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం, నాగార్జునకొండ పురావస్తు మ్యూజియం. రిజిస్టర్లోని ఒక్కో వరుసా ఇక్కడ ఒక రికార్డు అవుతుంది. పేరు, రకం, పదార్థం, చేసిన విధానం, కాలం, దొరికిన చోటు, కొలతలు, వర్ణన వేర్వేరు గడుల్లో నింపి, ఫోటోలు జతచేస్తారు. ఒకసారి నింపితే పని అయిపోయినట్టు కాదు. అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది.

తెలంగాణ జిల్లాల సంగతే చూడవచ్చు. 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. పాత రిజిస్టర్లో ‘మెదక్ జిల్లా కొండాపూర్’ ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. కరీంనగర్ జిల్లా కోటిలింగాల జగిత్యాలకు, పెద్దబంకూరు పెద్దపల్లికి వెళ్లాయి. నల్గొండ జిల్లా ఫణిగిరి సూర్యాపేటలో చేరింది. 2022లో ఆంధ్రప్రదేశ్‌లోనూ జిల్లాలు మారి అమరావతి, నాగార్జునకొండ గుంటూరు నుంచి పల్నాడుకు వచ్చాయి. రికార్డులో పాత పేరు తీసేసి కొత్తది పెడితే పాత నివేదికల్లో వెతికేవాడికి దారి దొరకదు. పాతదే ఉంచితే నేటి పాఠకుడికి తెలియదు. రెండూ ఉండాలి, ఏది ఎప్పటి నుంచి ఎప్పటి వరకో ఉండాలి, వీలైతే అక్షాంశ రేఖాంశాలు ఉండాలి. జిల్లా గీతలు ఎన్నిసార్లు చెరిపి గీసినా ఆ అంకెలు మారవు.

2014లో రాష్ట్ర విభజన జరిగినప్పుడూ ఇదే ‘దొరికిన చోటు’ గడి ముందుకొచ్చింది. ఉమ్మడి రాష్ట్ర రాజధానిగా ఉన్నన్నాళ్లూ హైదరాబాద్‌కు అన్ని జిల్లాల నుంచీ వస్తువులు వచ్చాయి. ఏది ఎక్కడి నుంచి వచ్చిందని అడిగినప్పుడు, దశాబ్దాల కిందట ఒక గుమాస్తా ‘దొరికిన చోటు’ ఎదుట రాసిన రెండు మాటలే జవాబు.

భాషా ఒక చిక్కే. వెండి పొదిగిన లోహపు పనిని బిద్రీ అని ఒకరు, బీదరీ అని మరొకరు రాస్తారు. మచిలీపట్నం, మసులీపట్నం, బందరు ఒకే ఊరు. కంప్యూటరుకు ఆ సంగతి ఎవరో చెప్పాలి. అందుకే నిర్ణీత పదాల పట్టిక తయారుచేసి, దానిలోని పేర్లనే వాడతారు. మిగతా రూపాలను దానికి ముడిపెడతారు. తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో 1991 నుంచే చోటుంది. అయినా హైదరాబాద్ డీటీపీ కేంద్రాల్లో అను వంటి పాత ఫాంట్లు చాలాకాలం రాజ్యమేలాయి. వాటిలో కొట్టించిన పాఠం వేరే కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గుర్తులుగా కనిపిస్తుంది, వెతికితే దొరకదు. అలాంటి సమాచారాన్ని మార్చి, ఒక్కో మాటా చదివి దిద్దడానికి తెలుగూ చరిత్రా రెండూ తెలిసిన మనిషి కావాలి. హైదరాబాద్‌లోనే అమీర్‌పేటలో, మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టూ ఉన్న శిక్షణ సంస్థల్లో 1990ల నుంచి ఎంతోమంది యువకులు డేటాబేస్ నడపడం నేర్చుకున్నారు. సాంకేతిక విద్యకు ఈ నగరంలో కొరత లేదు. శాసనం చదవగలిగి, అదే చేత్తో రికార్డు దిద్దగలిగినవారికే కొరత.

రికార్డు ఎందుకు తాజాగా ఉండాలో దొంగతనాలు మరింత గట్టిగా చెప్పాయి. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధక్షేత్రం మ్యూజియం నుంచి 2000 ప్రాంతంలో శిల్పాలు పోయాయి. వాటిలో బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తుల ఫలకం ఒకటి న్యూయార్క్ వ్యాపారి ద్వారా ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరింది. అది చందవరానిదేనని తేలాక 2016లో ఆ దేశం తిరిగి ఇచ్చేసింది. 2018 సెప్టెంబరులో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం నుంచి బంగారు టిఫిన్ డబ్బా, కప్పు, సాసరు, చెంచా దొంగిలించారు. పోలీసులు కొద్ది రోజుల్లోనే పట్టుకున్నారు. దొరికిన వస్తువు పోయినదేనని రుజువు చేయడానికి ఇలాంటి సందర్భాల్లో పద్దు, ఫోటో, తూకమే ఆధారం. పెద్ద మ్యూజియాలకూ ఈ ముప్పు తప్పలేదు. సుమారు 2 వేల వస్తువులు మాయమయ్యాయనో, పాడయ్యాయనో బ్రిటిష్ మ్యూజియం 2023లో ఒప్పుకుంది. వాటిలో చాలావాటికి సరైన నమోదే లేదు. ఆ దెబ్బతో మొత్తం సేకరణ రికార్డులను ఐదేళ్లలో డిజిటల్‌గా పూర్తిచేస్తామని ప్రకటించింది.

అదే 2023లో ఫణిగిరి శిల్పాలు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ‘ట్రీ అండ్ సర్పెంట్’ ప్రదర్శనకు వెళ్లాయి. వస్తువు అరువుకు వెళ్లేటప్పుడు దాని స్థితి నివేదిక రాస్తారు. ప్రతి పగులూ, ప్రతి చెక్కూ ఫోటో మీద గుర్తిస్తారు. పెట్టెలో పెట్టేటప్పుడు, తీసేటప్పుడు, తిరిగొచ్చాక మళ్లీ అదే తనిఖీ. రికార్డులో చోటు, తేదీ, బాధ్యుడి పేరు మారుతూ ఉంటాయి. మంచి సాఫ్ట్‌వేర్ పాత విలువ మీద కొత్త విలువను రుద్దదు, రెండింటినీ మార్చినవారి పేరుతో దాచుతుంది. రిజిస్టర్లో ఒక్క గీత గీసి సంతకం పెట్టిన గుమాస్తా పద్ధతే ఇది.

ఆలయాల్లోనూ ఇటువంటి వ్యవస్థ ఉంది. ఉదాహరణకు, హైదరాబాద్‌లోని బల్కంపేట ఎల్లమ్మ ఆలయం దేవాదాయ శాఖ పరిధిలోనిది. 1987 నాటి దేవాదాయ చట్టం 43వ సెక్షన్ కింద ఆలయాల ఆస్తులకు రిజిస్టరు ఉంటుంది. నగలను రికార్డుతో సరిచూడటానికి శాఖలో ప్రత్యేక అధికారులుంటారు. భక్తులు సమర్పించిన వెండి, బంగారాలను తూచి, వర్ణించి, నంబరు వేసి రాయడంలో ఆలయం చేసేదీ మ్యూజియం చేసేదీ ఒకే పని.

డిజిటల్ రికార్డు రిజిస్టరుకు సాయమే కానీ, భౌతిక తనిఖీకి బదులు కాదు. ఒకరు స్టోర్ రూములోకి వెళ్లి, వస్తువును చేతిలోకి తీసుకుని, నంబరు చదివి, తెర మీది ఫోటోతో పోల్చి, ఆ తేదీ నమోదు చేస్తేనే ఆ రికార్డు నిజమవుతుంది. హైదరాబాద్ మ్యూజియాలు ప్రతి రికార్డు పక్కనా ‘చివరిసారి తనిఖీ చేసిన తేదీ’ని ప్రజలకు కనిపించేలా పెట్టడం అవసరం. ఇళ్లలోని పాత వస్తువులను మ్యూజియాలకు ఇవ్వదలచినవారు కూడా వాటితో పాటు అవి ఎవరివి, ఏ ఊరివి, ఇంటికి ఎలా వచ్చాయి అన్న వివరాలు ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం చేసి ఇవ్వాలి.